మీసాల అబ్బాయి

తెనాలిలో మా వీధి మేష్టారికి బొమ్మల పుస్తకాలంటే చులకన. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. "అక్షరాలు రానివాడికి బొమ్మ కావాలి. వచ్చినవాడికి బొమ్మెందుకయ్యా?" అనేవారు. "మరి మన చందమామ సంగతేమిటండీ?" అని ఎవరైనా అడిగితే మాత్రం సర్దుకుని కూర్చునేవారు. 1947 జులైలో మద్రాసులో పుట్టిన ఆ పత్రిక వెనకున్న చక్రపాణి మా ఐతానగరం మనిషి. 1952 నుంచి 1980 దాకా దాని బరువంతా మోసిన కొడవటిగంటి కుటుంబరావూ ఈ ఊరివాడే. చందమామను ఒక్క మాటంటే తెనాలిని అన్నట్టే. పేజీకో బొమ్మ ఉండేది, వడ్డాది పాపయ్య అట్టబొమ్మ కోసమే పత్రిక కొన్న ఇళ్లూ ఉండేవి. మేష్టారు అదంతా ఒప్పుకునేవారు. ఒప్పుకుని, "బొమ్మలు కథకు పెట్టిన నగలయ్యా. తీసేసినా కథ కథే" అని తేల్చేవారు.

మొన్న వేసవిలో డల్లాస్ నుంచి కోడలూ మనవరాలూ వచ్చారు. కొడుక్కి సెలవు దొరకలేదట. ఏడేళ్ల ఆ పిల్ల సూట్‌కేసులోంచి పచ్చ అట్ట పుస్తకం ఒకటి బయటపడింది. షెల్ సిల్వర్‌స్టీన్ రాసి, బొమ్మలు కూడా తనే గీసుకున్న 'ద గివింగ్ ట్రీ'.

కథ ఇంతే. ఒక ఆపిల్ చెట్టు, ఒక పిల్లవాడు. చిన్నప్పుడు వాడు దాని ఆకులతో కిరీటం అల్లుకుంటాడు, కాయలు తింటాడు, నీడలో నిద్రపోతాడు. పెద్దయ్యాక డబ్బు కావాలని వస్తాడు. చెట్టు కాయలన్నీ ఇస్తుంది. ఇల్లు కావాలంటాడు, కొమ్మలు ఇస్తుంది. పడవ కావాలంటాడు, మాను ఇస్తుంది. ఆఖరికి వంగిపోయిన నడుంతో వస్తాడు. అప్పటికి మిగిలింది మొద్దు. కూర్చోమంటుంది. కూర్చుంటాడు.

1964లో అచ్చయింది. అంతకు ముందు ఒక ప్రచురణకర్త దగ్గరికి వెళ్తే, ఇది పిల్లల పుస్తకానికీ పెద్దల పుస్తకానికీ మధ్యన పడిపోతుందని తిప్పి పంపారు. ఆ మధ్యన పడ్డ పుస్తకమే ఇవాళ్టికీ అమ్ముడుపోతోంది. సిల్వర్‌స్టీన్ అదో రకం మనిషి లెండి, మొగవాళ్ల పత్రికలకు కార్టూన్లు వేసేవాడు, జానీ క్యాష్ పాడిన 'ఎ బాయ్ నేమ్డ్ సూ' పాటా ఆయన రాసిందే.

మేష్టారు దాన్ని నిలబడే తిరగెయ్యడం మొదలుపెట్టారు. కాఫీ చల్లారేలోగా అయిపోయింది. పడక్కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. "ఇదేమిటయ్యా, ఈయనెవరో అమెరికాలో కూర్చుని నా కథ రాశాడు!" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి వాళ్ల అరుగు మీద రోజూ పుస్తక పఠనమే. వీధి పిల్లలు కింద మెట్ల మీద, మాలాంటి రిటైరైనవాళ్లం పైన అరుగు మీద. మేష్టారు ఒక పేజీ ఇంగ్లీషులో చదివి, దానికి నాలుగు పేజీల తెలుగు చెప్పేవారు. చెట్టంటే తండ్రి. కుర్రాడంటే కొడుకు. కాయలు కోసుకుపోవడమంటే ఇంజనీరింగ్ సీటుకి బంగారం తాకట్టు పెట్టించడం. కొమ్మలు నరుక్కుపోవడమంటే ఎమ్మెస్ కోసం అమృతలూరు దగ్గరి మాగాణి అమ్మించడం. "ఎకరన్నర, బంగారం లాంటి భూమి. మారు మాట్లాడకుండా అమ్మి పంపానయ్యా. వాడు ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేస్తాడు. ఆ పది నిమిషాల్లోనూ ఏడు నిమిషాలు వాడి ఆఫీసు కబుర్లే!" లోపల కోడలు వింటూ ఉండేది. వినపడాలనే చెప్పేవారు కూడాను. మొదటి రెండు రోజులూ ఓర్చుకుంది, తరవాత నుంచి ఆ వేళకి పుట్టింటివాళ్లని చూసొస్తానని బయలుదేరేది.

చెప్పొద్దూ, బాగా చదివేవారు. బొమ్మల మీద చిన్నచూపున్న మనిషి బొమ్మలు చూడ్డం నేర్చుకున్నారు. ఆ పుస్తకంలో రంగుల్లేవు, లోపలంతా నల్లగీతలే. అయితే మాటల్లో లేనివి ఆ గీతల్లో ఉంటాయి. పిల్లవాడు మాను మీద ఒక గుండె చెక్కి చెట్టు పేరూ తన పేరూ పొడి అక్షరాల్లో రాస్తాడు. తరవాత పేజీల్లో దాని పైన ఇంకో గుండె ఉంటుంది, అది ఒక అమ్మాయి కోసం చెక్కింది. కథ చెప్పే మాటల్లో ఈ గుండెల ప్రస్తావన ఎక్కడా రాదు. మేష్టారు ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "చూశారా, పెళ్లయింది. ఇక చెట్టెవరికి కావాలి?" అనేవారు. ఇంకో పేజీ దగ్గర గొంతు పట్టేసేది. వాడు జుట్టు ఊడి, నడుం వంగి వచ్చినా చెట్టు వాణ్ని అబ్బాయనే పిలుస్తుంది. "ముసలాడైపోయినా చెట్టుకి వాడు అబ్బాయే! కన్నప్రేమంటే అదీ!" అని పుస్తకం మూసి, "ఏమేవ్, ఇంకో నాలుగు కాఫీలు" అని లోపలికి కేకేసేవారు.

పిన్నిగారు తెచ్చేవారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, గడప దాటేటప్పుడు గోడ పట్టుకునేవారు. కాఫీ అయ్యాక కళ్లజోడు గుడ్డ, తరవాత మాత్రలు, తరవాత దోమలు కుడుతున్నాయంటే ఫ్యాను. ఒక రోజైనా ఆవిడ ఆ కథ కూర్చుని విన్నట్టు నాకు గుర్తులేదు.

ఈ పుస్తకం మీద దాని సొంత దేశంలోనే పెద్ద తగువుంది. భగవంతుడి ప్రేమ ఇలాగే ఉంటుందని కొందరు, మనిషి ప్రకృతిని తినేస్తున్న కథ అని కొందరు, అమ్మ కథ అని కొందరు అంటారు. తీసుకోవడమే తప్ప ఒక్కసారీ దణ్ణం పెట్టని కుర్రాణ్ని పిల్లలకి చూపించడమేమిటని తిట్టిపోసేవాళ్లూ ఉన్నారు. ఇన్ని మాటలూ విన్నాను గానీ, అది చదివి "ఆ కుర్రాణ్ని నేనే" అన్న మనిషి నాకింతవరకూ తారసపడలేదు. ముసలీ ముతకా పిల్లా జెల్లా, అందరూ చెట్లే. నన్నడిగితే ఆ పుస్తకం గడుసుదనమంతా అందులోనే ఉంది.

ఒక ఆదివారం మేష్టారు పిల్లలందరికీ తెల్లకాగితాలు పంచి ఆ చెట్టు బొమ్మ వెయ్యమన్నారు. ఆపిల్ చెట్టు తెనాలి పిల్లలకేం తెలుస్తుంది, నలుగురు మామిడిచెట్టు వేశారు, ఒకడు కొబ్బరిచెట్టు వేసి నరకడానికి కొమ్మల్లేవని బిక్కమొహం వేశాడు. మనవరాలు ఓ మూల బోర్లా పడుకుని చాలాసేపు వేసింది. తెచ్చి తాతగారి ఒళ్లో పెట్టింది.

మొద్దు అయిపోయిన చెట్టు. దానికి మొహం ఉంది, నుదుట ఎర్రటి బొట్టుంది, వెనక ముడి ఉంది.

"చెట్టుకి ముడేమిటే?" అన్నారు మేష్టారు.

"చెట్టు నాన్నమ్మ కదా."

అరుగంతా నవ్వింది. మేష్టారూ నవ్వారు. "బాగుందే! మరి తాతయ్యేడీ?"

పిల్ల వేలు పెట్టి చూపించింది. మొద్దు మీద కాళ్లు చాపుకుని ఒక మనిషి కూర్చున్నాడు. నెరిసిన మీసాలు, మెడలో కండువా, చేతిలో స్టీలు గ్లాసు. గ్లాసులోంచి పొగలు కూడా వేసింది.

"ఓసి పిచ్చిపిల్లా, అది అబ్బాయి కదే! అబ్బాయికి మీసాలేమిటి?"

"ముసలాడైనా చెట్టుకి అబ్బాయే అని నువ్వే చెప్పావు కదా తాతయ్యా."

ఈసారి అరుగు మీద కొంతమందే నవ్వారు. మేష్టారి మొహం కాస్త ఎర్రబడింది. పిల్లతో వాదానికి దిగితే చిన్నతనమని తెలిసీ ఆగలేకపోయారు.

"అది కాదే, నాన్నమ్మ ఏమిచ్చింది? మీ నాన్న చదువుకి పొలం అమ్మి పంపింది నేను. ఎకరన్నర! కావాలంటే ఇదిగో, ఈ రైటరు తాతయ్య ఉన్నారుగా, అడుగు. ఆ దస్తావేజు రాసింది ఆయనే. చెప్పండి రైటరుగారూ, చెప్పండి దానికి."

రైటరుగారు సబ్‌రిజిస్ట్రారాఫీసు ముందర రావిచెట్టు కింద బల్ల వేసుకుని జీవితమంతా దస్తావేజులు రాసిన మనిషి. సర్వే నంబరు దగ్గర్నుంచి హద్దుల దాకా ఆయనకి అన్నీ నోటికి గుర్తే. చేతిలో గ్లాసు కింద పెట్టి, పిల్లకేసి ఒకసారి, లోపలి గడపకేసి ఒకసారి చూశారు.

"నేనే రాశాను మేష్టారూ. పసుపు కుంకుమల కింద పుట్టింటివారిచ్చిన ఎకరా యాభై సెంట్లు. అమ్మినవారి సంతకం అమ్మగారిది. మీది సాక్షి సంతకం."