ఒక్క లైను చాలండీ!

"సింపులండీ, ఒక్క లైను కొట్టండి చాలు" అనేవాణ్ణి నమ్మకూడదని సాఫ్ట్‌వేర్‌లో తల పండినవాళ్లందరికీ తెలుసు. తెలిసే కొడతారు. నల్లటి టెర్మినల్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అని టైపు చేసి, ఎంటర్ నొక్కి, టీకి లేచిపోతారు. ఎన్‌పీఎం అంటే జావాస్క్రిప్టు వాళ్లు ఎవరో రాసిపెట్టిన కోడ్ ప్యాకేజీలను, అనగా మాడ్యూళ్లను, దింపుకునే అంగడి. కావలసింది ఒక్క మాడ్యూలే. వచ్చేది మాత్రం, సంక్రాంతికి అల్లుణ్ణి పిలిస్తే వియ్యాలవారి ఊరంతా బస్సు కట్టించుకుని దిగినట్టు ఉంటుంది. రియాక్ట్ నేర్చుకునే పిల్లలు, అమీర్‌పేట నుంచి అమెరికా దాకా, ఏళ్ల తరబడి శ్రీకారం చుట్టడానికి వాడిన 'క్రియేట్ రియాక్ట్ యాప్' వెయ్యికి పైగా ప్యాకేజీలను డిస్కులో దింపేది. అంతా అయ్యాక తెరమీద ఒక చక్రం తిరిగేది. అదే ఆ వెయ్యి మంది సమష్టి కృషి.

పనికొచ్చే కోడ్‌ను నలుగురితో పంచుకోవడం మంచి ఆలోచనే, కాదనను. పెర్ల్ భాష వాళ్లు 1995లో సీపాన్ అనే కోడ్ భాండాగారం తెరిచింది అందుకే. కానీ మంచి ఆలోచన మన చేతికి చిక్కితే ఊరుకుంటామా? సంఖ్య సరిసంఖ్యా కాదా తేల్చడానికి ఎన్‌పీఎంలో 'ఈజ్ ఈవెన్' అని ఒక ప్యాకేజీ ఉంది. రెండుతో భాగించి శేషం చూడటం మూడో తరగతి లెక్క. ఈ ప్యాకేజీ ఆ లెక్క కూడా స్వయంగా చెయ్యదు. 'ఈజ్ ఆడ్' అనే ఇంకో ప్యాకేజీని పిలిచి, అది చెప్పినదాన్ని తిరగేస్తుంది. ఆ ఈజ్ ఆడ్ వెళ్లి, అసలిది సంఖ్యేనా అని 'ఈజ్ నంబర్' అనే మరో ప్యాకేజీని అడుగుతుంది. సర్కారు ఆఫీసులో ఫైలు కూడా ఇంత మర్యాదగా బల్లలు మారదు. నవ్వకండి, ఈజ్ నంబర్‌కు వారానికి కోట్లలో డౌన్‌లోడ్లు.

ఇలాంటి కట్టడం కూలడానికి భూకంపం అక్కర్లేదు. అజేర్ కోచులు అనే ప్రోగ్రామర్ తన ప్యాకేజీ ఒకదానికి 'కిక్' అని పేరు పెట్టుకున్నాడు. కిక్ అంటే రవితేజ సినిమా కాదు, కెనడాలో ఒక మెసేజింగ్ కంపెనీ. ఆ పేరు మాదంది కంపెనీ. సరే మీదేనంది ఎన్‌పీఎం. ఆయనకు ఒళ్లు మండి 2016 మార్చిలో తన ప్యాకేజీలు 270కి పైగా వెనక్కి తీసేసుకున్నాడు. వాటిలో 'లెఫ్ట్ ప్యాడ్' ఒకటి. పదకొండు లైన్లు. అక్షరాలకు ఎడమ పక్కన ఖాళీలనో, సున్నాలనో నింపడం దాని పని. అంతకు మించి ఏమీ లేదు. అది మాయం కాగానే దానిమీద ఆధారపడ్డ బేబెల్ అనే పనిముట్టు ఆగింది, బేబెల్‌మీద ఆధారపడ్డవాళ్లంతా ఆగారు. ప్రపంచంలో గొప్ప గొప్ప ఇంజినీర్లు ఎడమ పక్కన ఖాళీలు పెట్టడం చేతకాక, కొన్ని గంటలు తెరలకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి ఎన్‌పీఎం వాళ్లే రచయిత తీసేసిన ప్యాకేజీని తిరిగి పెట్టారు.

దాంతో కొత్త నియమం వచ్చింది: ఇతరులు ఆధారపడిన ప్యాకేజీని ఇష్టం వచ్చినట్టు తీసెయ్యడానికి వీల్లేదు. బాగుంది కదా? 2023 చివర్లో కొందరు సరదా మనుషులు 'ఎవ్రీథింగ్' అనే ప్యాకేజీ పెట్టారు. పేరుకు తగ్గట్టే అది ఎన్‌పీఎంలో ఉన్న సమస్తం మీదా ఆధారపడుతుంది. ఇంకేముంది, నియమం ప్రకారం ఎవరూ తమ ప్యాకేజీని వెనక్కి తీసుకోలేని పరిస్థితి! తమాషాకు చేసినవాళ్లే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంతవరకూ నవ్వులాటే. ఇక్కణ్ణుంచి కాదు. ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లు కాపీ చేసి ఊరుకోవడం అనుకుంటారు చాలామంది. ప్యాకేజీ దిగుతుండగానే తన వెంట తెచ్చుకున్న స్క్రిప్టును మన కంప్యూటర్‌లో నడిపించగలదు, మన పేరుతో, మన అధికారంతో. స్క్రిప్టు లేకున్నా, ప్యాకేజీ కోడ్‌లోనే విషం కలిపేవాళ్లూ ఉన్నారు. 2018లో 'ఈవెంట్ స్ట్రీమ్' అనే బాగా వాడుకలో ఉన్న ప్యాకేజీని దాని యజమాని, చూసుకునే తీరిక లేక, సాయం చేస్తానని వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి అప్పగించాడు. ఆ పెద్దమనిషి బిట్‌కాయిన్ పర్సులు కొట్టేసే కోడ్ అందులోకి చేర్చాడు. 2025 సెప్టెంబరులో ఇంకో యజమాని ఒక దొంగ ఈమెయిల్‌కు మోసపోయేసరికి 'చాక్', 'డీబగ్' సహా 18 ప్యాకేజీల్లో విషం కలిసింది. వాటన్నిటికీ కలిపి వారానికి 200 కోట్లకు పైనే డౌన్‌లోడ్లు. ఫోనుకొచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అమ్మకు పాఠం చెప్పే కొడుకే, ఇక్కడ ఎవరి కోడ్ ఏమిటో చూడకుండా ఎంటర్ కొడతాడు.

హెచ్చరికలు లేవా అంటే, బోలెడు. ఇన్‌స్టాల్ పూర్తికాగానే ఇన్ని లోపాలున్నాయి, వాటిలో ఇన్ని తీవ్రమైనవి అని ఎన్‌పీఎం చదివి వినిపిస్తుంది. పరిష్కారం కూడా తానే చెబుతుంది: ఆడిట్ ఫిక్స్, కావాలంటే 'ఫోర్స్' జోడించుకో. ఫోర్స్ చేస్తే లోపాలు పోవచ్చు, వాటితో పాటు నిన్నటిదాకా నడిచిన ప్రాజెక్టు కూడా.

పైథాన్ వాళ్లు మేం వేరని మురిసిపోనక్కర్లేదు. తమ ప్యాకేజీలు దింపే పిప్ ఆజ్ఞకు ముందు, అడ్మిన్ అధికారమిచ్చే సుడో తగిలించి, సిస్టమ్ సొంత పైథాన్‌నే కెలికి, ఆపై లైనక్స్‌ను తిట్టినవాళ్లు కోకొల్లలు. ఈ బాధ పడలేకే డెబియన్ 12 లాంటి లైనక్స్‌లు ఆ దారికి తాళం వేశాయి. విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి బాబూ అని తెరమీదే రాశాయి. మనవాళ్లు చదివారా? ఆ తాళం తీసే ఆప్షన్‌ను వెతికి పట్టుకున్నారు. దాని పేరే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'. సిస్టమ్‌ను విరగ్గొట్టు అని తన చేత్తో తానే టైపు చేసి, విరిగాక, ఎందుకు విరిగిందని అడిగే వృత్తి భూమ్మీద ఇంకోటి ఉందా?

ఇప్పుడు ఏఐ సహాయకుడు కూడా తోడయ్యాడు. ఒక్కోసారి లేని ప్యాకేజీ పేరు ఎంతో ధీమాగా చెబుతాడు. ఆ లేని పేరును ఎవడో ముందే రిజిస్టర్ చేసి కాచుక్కూర్చుంటే, ఇక్కడ మనవాడు కాపీ, పేస్ట్, ఎంటర్.

మాడ్యూళ్లు మానెయ్యమని నేననడం లేదు, మానితే రేపు నా పనీ ఆగుతుంది. అడిగేది ఇంతే: ఏ వెర్షన్లు దిగాయో రాసిపెట్టే లాక్ ఫైలును ప్రాజెక్టుతో పాటు భద్రం చేయండి. సర్వర్ మీద ఇన్‌స్టాల్ బదులు, ఆ ఫైలులో ఉన్నదే దింపే 'ఎన్‌పీఎం సీఐ' కొట్టండి. ప్యాకేజీల స్క్రిప్టులు నడవకుండా 'ఇగ్నోర్ స్క్రిప్ట్స్' పెట్టండి. ఈ మూడూ ఎన్‌పీఎంలో ఎప్పట్నుంచో ఉన్నవే. వీటికోసం కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.