రైలుబొమ్మల ఎగ్జిబిషన్‌లో జేబు ఖాళీ చేసుకొను విధానం

బయల్దేరే ముందు ఇంట్లో "ఊరికే చూసొస్తా" అనండి. బ్రిటన్‌లో ఈ మాట నమ్మే ఇల్లాలు మిగల్లేదు, అయినా ఆచారం. బర్మింగ్‌హామ్‌లో జరిగే వార్లీ ప్రదర్శన 2023తో ఆగిపోయిందని దిగులొద్దు. శనివారమొస్తే ఏదో ఒక ఊరి స్కూలు హాల్లో ఏదో ఒక క్లబ్బు టికెట్లు చింపుతూనే ఉంటుంది. వీపుకు లావుపాటి సంచి తగిలించుకోండి. స్టాలు ముందు ఒక్కసారి గిర్రున తిరిగితే చోటు దానంతటదే దొరుకుతుంది.

ఇంట్లో మీ ఓఓ రైలు హాయిగా తిరుగుతోందా? ముందు ఆ జబ్బు కుదర్చాలి. బండి కొలత 1:76.2. పట్టాల మధ్య దూరం మాత్రం 16.5 మిల్లీమీటర్లు. అసలు పట్టాల 1435ను అదే లెక్కన కుదిస్తే 18.83 రావాలి. ఇన్నేళ్లూ ఈ తేడా మీ కంటికి ఆనలేదు కదా, స్టాలు పెద్దాయన్ని ఒక్కసారి చూపించమనండి. ఇక జన్మలో మరొకటి కనబడదు. 18.2తో సరిపెట్టుకునే ఈఎం వాళ్లూ ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే 18.83కే పట్టుబట్టే పీ4 వాళ్లు చూస్తారు, జాగ్రత్త.

తర్వాత ఇత్తడి ఇంజను కిట్టు కొనండి. పెట్టెలో పల్చటి రేకులుంటాయి. రివెట్లు వెనకనుంచి ఒక్కొక్కటే మీరే పొడుచుకోవాలి. మూలన చిన్నక్షరాల్లో "చక్రాలు, మోటారు, గేర్‌బాక్సు విడిగా" అని ఉంటుంది. అంటే కదలడానికి కావలసినవి తప్ప ఇంజనంతా ఇచ్చినట్టే. చక్రాలు హాలుకు ఆ చివర, మోటారు ఈ చివర. బఫర్లాయన ఈసారి రాలేదు. వైట్‌మెటల్ పొగగొట్టానికి 70 డిగ్రీలకే కరిగే టంకం వేరే కొనండి. ఇత్తడికి వాడే వేడి తగిలిందా, గొట్టం గోలీ అయిపోతుంది.

బేరమాడొద్దు. ఇది మాత్రం వేళాకోళం కాదు. బల్ల వెనక ఉన్నది చాలాసార్లు కంపెనీ కాదు, పెరటి షెడ్డులో ఒక్కడే కూర్చుని సిగ్నల్ లాంతర్లు పోసే మనిషి. ఆయన మానేస్తే ఆ లాంతరు లోకంలో మరొకడు చేయడు. కనుక అవసరం లేకపోయినా రెండు పొట్లాలు వేసుకోండి.

చివరగా, తెలుగువారికి ప్రత్యేక సూచన. కాజీపేట ఇంజనొకటి కట్టాలనుందని, మన బ్రాడ్‌గేజి 1676 కాబట్టి 22 మిల్లీమీటర్ల ఇరుసులు కావాలని అడగండి. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. "ఐర్లండ్ వాళ్లకు 21 చేశాం, 22 ఎవరూ అడగలేదండీ" అంటూ ఆర్డరు పుస్తకం తెరుస్తారు.