రిఫరీకి కంటి పరీక్ష!

అమెరికాలో సోమవారం రాత్రి కుస్తీ షో ‘రా’ మొదలైతే పెందుర్తిలో మంగళవారం తెల్లారుతుంది. పరీక్షలకు లేవని మా వీధి కుర్రాడు దీనికి అలారం లేకుండానే లేస్తాడు.

‘అదంతా ముందే రాసుకున్న కుస్తీరా’ అంటే, ‘తెలుసు బాబాయ్, రాసేవాడికైనా బుద్ధుండాలిగా!’ అని రుసరుసలు.

కుర్చీతో కొట్టేటప్పుడే రిఫరీ అటు తిరుగుతాడట. వాడికి కళ్లు చూపించాలట.

2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి కుస్తీ షోలో జాన్ సీనా గెలిస్తే ఇక్కడ వీడు చొక్కా విప్పి తిరిగాడు. గ్యాస్ బండ లోపల పెట్టమని అమ్మ అడిగితే మాత్రం నడుం పట్టేసింది.

గుండెలపై ఏనుగును నిలబెట్టుకున్న మన వీరఘట్టం కోడి రామ్మూర్తి గురించి తెలుసా అనడిగాను.

‘రా’లోనా, ‘స్మాక్‌డౌన్’లోనా అన్నాడు.