సంచిసందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: గిద్దలూరులో బయల్దేరి కంభం, మార్కాపురం, ఎర్రగొండపాలెం మీదుగా హైదరాబాదు పోయే రాత్రి బస్సు దగ్గర, ఇంజను స్టార్టయ్యాక, ఒక తల్లి డ్రైవరుతో పలికిన వాక్యమిది. శ్రీశైలం దారిన పోరాదా అని శిష్యుడు అడగవచ్చు. రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడుతుంది కాబట్టి ఈ కావ్యం మాచర్ల, సాగర్ మీదుగానే నడుస్తుంది.

మూలం: "అన్నా, ఈ సంచి కాస్త ఎల్బీనగర్లో మావోడికియ్యన్నా, పెద్ద బరువేం లేదు, ఫోన్ చేస్తాడు."

ప్రతిపదార్థం:

అన్నా = ఓ డ్రైవరూ! డ్రైవరుకు ముప్పయ్యేళ్లు, ఆమెకు యాభై దాటాయి. అయినా అన్నే. ఈ వరస వయసును బట్టి రాలేదు, పనిని బట్టి వచ్చింది. దీనికి ప్రమాణం మేఘసందేశంలోనే ఉంది. ముక్కూ మొహం తెలియని మేఘుణ్ణి అలకాపురికి పురమాయిస్తూ యక్షుడు తన భార్యను అతనికి వదిన వరస చేసేశాడు. వరస కలిపాక కాదనడం మబ్బుకైనా కష్టమే. ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెతుకుసీమ కొలిచెలమ వాడు. ఒక్కసారి మార్కాపురం బస్టాండులో నిలబడి ఉంటే ఆ శ్లోకం దగ్గర ఇంకో రెండు పుటలు పెంచేవాడని నా నమ్మకం.

ఈ సంచి = బియ్యం కంపెనీ బొమ్మ ఉన్నదీ, మూతి పురికొసతో కుట్టినదీ అయిన ఈ సంచి. గర్భంలో కందిపప్పు, చింతకాయ పచ్చడి, పప్పుచెక్కలు, నడుమ పాత చీరముక్కలో చుట్టిన నెయ్యి డబ్బా. పైన స్కెచ్ పెన్నుతో కొడుకు పేరు, పది అంకెలు. తొమ్మిదో అంకె దగ్గర సంచి నేత అడ్డొచ్చి పెన్ను జారింది. అది 'ఒకటి' అని కొందరు, 'ఏడు' అని కొందరు. పాఠాంతరం.

కాస్త = 'ఇయ్యి'కి విశేషణం. సంచికే అన్వయించాలనే పక్షం కూడా ఉంది గాని, ఎత్తి చూసిన క్లీనరు ఒప్పుకోలేదు.

పెద్ద బరువేం లేదు = పన్నెండు కిలోలు. అపహ్నుతి అలంకారం.

ఫోన్ చేస్తాడు = కర్త ఎవరు? కొడుకు డ్రైవరుకు చేస్తాడని తల్లి భావం, కొడుక్కి తానే చెయ్యాలని డ్రైవరు అనుభవం.

అధ్యాహారం: డబ్బు మాట మూలంలో లేదు. నాలుగు మడతలు పెట్టిన నోటుగా పూరించుకోవాలి.

పూర్వపక్షం: కొరియర్లుండగా ఇదంతా ఏల?

సమాధానం: కొరియరు కౌంటరులో నెయ్యి అనగానే తల అడ్డంగా ఊపుతారు. మా ఊరికొచ్చే పార్సిలుదీ అదే కథ, "మార్కాపురం వచ్చి తీస్కోండి" అని ఫోనులోనే డెలివరీ అయిపోతుంది. పైగా చేతులు మార్చి పంపడం కొత్త విద్య కాదు. తపాలా రన్నర్లు మూట భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన ఈటె పట్టుకుని ఒక మజిలీ పరుగెత్తి, కాచుకున్న మరో మనిషికి అందించేవాళ్లు. అది అంచె తపాలా. 'అంచెలంచెలుగా' అన్నప్పుడు మన నోట పలికేది ఆ అంచే. మార్కాపురం గనుల్లో పుట్టిన పలకలు పగలకుండా దేశాలు దాటాయి. నెయ్యి డబ్బా మాత్రం మాచర్ల దాటకముందే కారుతుంది. కారణం శాస్త్రాల్లో లేదు, మూతలో ఉంది.

తాత్పర్యం: సంచి చేర్చుము.

శేషం: తెల్లవారి అయిదింటికి ఎల్బీనగర్లో సంచి దిగింది. డ్రైవరు 'ఏడు' పాఠాన్ని అనుసరించి ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన నిద్రలోంచి లేచి తిట్టాడు. 'ఒకటి' సాధుపాఠమని అలా స్థిరపడింది. కొడుకు సంచి భుజాన వేసుకునేలోపే తల్లి ఫోన్: "నెయ్యి కారిందా? సరేలే, డబ్బా మాత్రం పారెయ్యమాక. కడిగి ఆదివారం బస్సుకియ్యి."

మేఘసందేశానికి పూర్వమేఘం, ఉత్తరమేఘం ఉన్నట్టే దీనికీ ఉత్తరసంచి ఉంది. ఆదివారం రాత్రి కొడుకు అదే బస్సు కిటికీ కింద నిలబడి ఎత్తుకున్నాడు: "అన్నా, ఈ డబ్బా కాస్త..."