రాయికున్న పరీక్ష రిపోర్టుకేదీ?

ఫెర్రో అల్లాయిస్ కర్మాగారం పుణ్యమా అని గరివిడి వాళ్లకి మాంగనీసు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. లారీ లోడు వస్తే, లోహం ఎంత శాతమో గనివాడి నోటిమాట మీద ఎవరూ రాసుకోరు. గుట్టలో నాలుగు చోట్ల నమూనా తీసి, నలగ్గొట్టి, పరీక్ష కాగితం చూశాకే రేటు మాట్లాడతారు. రాయికున్న ఈ యోగం మతోన్మాదం మీద వచ్చే నివేదికలకు లేదు. అక్కడ గనీ సర్కారుదే, పరీక్షా సర్కారు సొమ్ముతోనే, బోర్డు మీద మాత్రం ‘స్వతంత్ర మేధోసంస్థ’! లండన్‌లో క్విలియం అనే సంస్థ 2008లో ఇలాగే వెలిసింది. ఏడాది తిరిగేసరికి బ్రిటిష్ ఖజానా నుంచి సుమారు 10 లక్షల పౌండ్లు అందాయి. 2010లో అది భద్రతాధికారులకు గుట్టుగా ఓ జాబితా పంపింది. ఉగ్రవాదుల భావజాలమే వీళ్లదీ అంటూ శాంతియుత ముస్లిం సంఘాలను అందులో చేర్చింది. చివరికి లండన్ పోలీసుల్లోనే ఒక విభాగాన్నీ వదల్లేదు. జీతమిచ్చే ఇంటి చౌకీదారునే దొంగల పద్దులో రాసిన గుమస్తా అన్నమాట.

మనమేం తక్కువ తిన్నాం? 2015లో జైపూర్‌లో ఉగ్రవాద వ్యతిరేక సదస్సు నడిపిన సంస్థల్లో ఇండియా ఫౌండేషన్ అనే మేధోసంస్థ ఒకటి. బీజేపీ నేత, మన అమలాపురం రామ్ మాధవ్ దాని పెద్దల్లో ఒకరు. 2017 నాటికి డైరెక్టర్లలో నిర్మలా సీతారామన్, సురేష్ ప్రభు ఉన్నారు. అప్పుడు ఇద్దరూ కేంద్రమంత్రులే. ప్రభుగారైతే అప్పటికి మన ఆంధ్ర కోటా రాజ్యసభ సభ్యుడు కూడా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే విస్తరేసుకు కూర్చున్నాడు.

సర్కారు ఇవ్వకపోతే ఇలాంటి నివేదికలకు డబ్బెవరిస్తారు, మతోన్మాదం ముప్పు నిజం కాదా అని అడగొచ్చు. ముప్పు నిజమే. 2020 డిసెంబరులో రామతీర్థం బోడికొండ మీద రాముడి విగ్రహం తల తెగిపడింది, విజయనగరం జిల్లా అట్టుడికింది. మర్నెల్లోనే ప్రభుత్వం మతసామరస్య కమిటీలు వేసింది: రాష్ట్రానికి ప్రధాన కార్యదర్శి, జిల్లాకి కలెక్టరు అధ్యక్షులు. ఆ కమిటీలు ఏం సాధించాయన్నది వేరే లెక్క. కానీ అవి స్వతంత్రమని ఎవరూ బుకాయించలేదు. కలెక్టరు కుర్చీలో కలెక్టరే కూర్చున్నాడు. సర్కారు సొమ్ము తినడం తప్పని నేననను, తిన్న మూతి తుడుచుకుని ‘ఏకాదశి ఉపవాసం’ అనడమే వింత. నివేదిక ముందుమాట ఎలాగూ మంత్రిగారిదే. ఆ వెనక పేజీలో చెక్కు ఎవరిదో, ఎంతో అచ్చేస్తే అదనపు ఖర్చు ఒక్క షీటు.