నాలుగు నిమిషాల పురాణం

తెలుగునాట ఏ మూల వ్యక్తిత్వ వికాస సభ జరిగినా రోజర్ బానిస్టర్ హాజరు కావాల్సిందే. ఇంటర్ పిల్లలకు ర్యాంకులు రావాలన్నా, సేల్స్ కుర్రాళ్లు టార్గెట్లు అందుకోవాలన్నా ఆయనే దిక్కు. కాలర్ మైకు తగిలించుకున్న వక్త గొంతు తగ్గించి మొదలుపెడతాడు: "మైలు దూరం నాలుగు నిమిషాల్లోపు పరిగెత్తితే గుండె పగిలి చస్తారని డాక్టర్లు తేల్చేశారు. 1954లో బానిస్టర్ ఒక్కడు నమ్మాడు, పరిగెత్తాడు. అంతే! ఏడాది తిరిగేసరికి..." ఇక్కడ పడే అంకె వక్త ఇష్టం. మామూలు హాల్లో ముప్ఫై మంది, ఏసీ హాల్లో మూడు వందల మంది. టికెట్టు ధరను బట్టి రన్నర్లు పుట్టుకొస్తారు.

అసలు లెక్క చెబితే చప్పట్లు పడవు. మే 6న బానిస్టర్ 3:59.4లో మైలు పూర్తిచేశాక ఏడాది లోపల ఆ గీత దాటిన కొత్త మనిషి ఒకే ఒక్కడు, ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ.

ఇక డాక్టర్ల సంగతి. వాళ్ల పేర్లు ఏ వక్తా చెప్పడు. బానిస్టరే వైద్య విద్యార్థి. పీల్చే గాలిలో ఆక్సిజన్ పెంచితే పరుగు ఎలా మారుతుందో ట్రెడ్‌మిల్ మీద పరిశోధించినవాడు. ఆ రోజు పొద్దున లండన్ ఆస్పత్రి ల్యాబులో సానరాయి మీద షూ స్పైకులు నూరుకుని ఆక్స్‌ఫర్డ్ రైలెక్కాడు. పదును పెట్టుకున్నది స్పైకులకు, నమ్మకానికి కాదు.

సాయంత్రం ఇఫ్లీ రోడ్డు ట్రాక్ దగ్గర గాలి హోరు చూసి చివరిదాకా తటపటాయించాడు. చర్చి గోపురం మీది జెండా కాస్త నెమ్మదించాకే సరేనన్నాడు. నమ్మకం ఉన్నవాడికి గాలితో పనేమిటో! మొదట క్రిస్ బ్రాషర్, తర్వాత క్రిస్ చాటవే ముందుండి వేగం తగ్గకుండా లాక్కెళ్లారు. సభల్లో ఈ ఇద్దరూ కనపడరు. 'ఒక్కడు' అనేశాక మిగతా ఇద్దరినీ ఎక్కడ కూర్చోబెడతారు?

1945లో స్వీడన్ రన్నర్ గుండర్ హెగ్ పరిగెత్తిన 4:01.4 తొమ్మిదేళ్లు చెక్కుచెదరలేదు. దానికి వక్తలు పెట్టిన పేరు మానసిక గోడ. యుద్ధం యూరప్‌ను పీల్చి పిప్పిచేసింది. డబ్బు పుచ్చుకున్నారని హెగ్‌నూ, అతని ప్రత్యర్థి ఆండర్సన్‌నూ అమెచ్యూర్ పోటీల నుంచి వెలివేశారు. ఇవన్నీ మనసులోనే జరిగాయి కాబోలు! ఇక 1954 మే 6 నాటి పరుగులో బానిస్టర్ 1500 మీటర్ల దగ్గర అప్పటి ప్రపంచ రికార్డు 3:43.0తో సమానంగా మాత్రమే ఉన్నాడు. ఆ అంకె సభలో చెప్పుకోవడానికి బాగుండదు కనుక అక్కడ గోడ కట్టినవాడు లేడు.

4:02 దగ్గర పదేపదే ఆగిపోయిన లాండీ ఇటుక గోడ మాట అన్నది నిజమే. కానీ అది సొంతగడ్డ మీద, దాదాపు ఒంటరిగా పరిగెత్తినన్నాళ్ల మాట. బానిస్టర్ తర్వాత 46 రోజులకు ఫిన్లాండ్‌లోని టుర్కులో చాటవే వెన్నంటి తరిమితే, 3:58.0తో ఆ గోడ కూలింది.

2025 జూన్‌లో కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగాన్ పారిస్‌లో ఇదే నాలుగు నిమిషాల మైలు మీదికి దండెత్తింది. ప్రత్యేక బూట్లు, ప్రత్యేక సూటు, గాలి తగలకుండా చుట్టూ పేస్‌మేకర్లు. నమ్మకానికా, కొదవే లేదు. వచ్చింది 4:06 పైచిలుకు. 2023లో తాను నెలకొల్పిన మహిళల ప్రపంచ రికార్డు 4:07.64 కన్నా మెరుగే, అయినా నాలుగు నిమిషాల గీత దాటలేదు. మన వక్త సిద్ధాంతం ప్రకారం పాపం, ఆమె సరిగ్గా నమ్మలేదు!

ఈ పురాణం ఊరికే బతకడం లేదు. పిల్లలకు కంటినిండా నిద్ర, ఆటస్థలం, ఓపికగా చెప్పే లెక్చరర్ కావాలంటే యాజమాన్యానికి ఖర్చు. నమ్మకమైతే ఒక పూట సభతో సరి. ర్యాంకు వస్తే ఫ్లెక్సీ మీద కాలేజీ పేరు, రాకపోతే నమ్మని పిల్లాడి తప్పు. నష్టమన్నది ఎరుగని ఈ వ్యాపారం ముందు చిట్‌ఫండ్ వాళ్లు కూడా దండం పెట్టాలి.