లా పాయింట్ల పీఠబాలుడు

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏ ఆర్.సి.ఎం. గుడికి వెళ్ళినా ఇతను కనిపిస్తాడు. వయసు పదహారు. ఇంటర్ ఎంపీసీ. తెల్ల అంగీ కింద జీన్సు, జీన్సు కింద స్పోర్ట్స్ బూట్లు తొంగిచూస్తుంటాయి. పూజలో గంట కొట్టేదీ, సాంబ్రాణి పట్టేదీ ఇతనే. చేతులు జోడించి నిలబడితే పీఠం మీద స్వరూపమే దిగొచ్చిందా అనిపిస్తుంది. లోపల ఒక వకీలున్నాడన్న సంగతి నాయనమ్మకు మాత్రమే తెలుసు.

భక్తి లేదనకండి, ఉంది. కాకపోతే తిరుసభ ఎంత అడిగిందో అంతే ఇస్తాడు. పైసా తగ్గడు, పైసా పెంచడు.

సత్ప్రసాదం తీసుకోబోయే ముందు గంటసేపు ఏమీ తినకూడదన్నది నియమం. పెద్దలంతా దాన్ని 'పూజకు ముందు' అనుకుని పస్తుంటారు. మనవాడు చట్టం చదివాడు. గంట లెక్కపెట్టాల్సింది సత్ప్రసాదం నుంచి వెనక్కి. పూజ ఆరున్నరకు, సత్ప్రసాదం ఏడూ ఇరవైకి. అంటే ఆరూ ఇరవై దాకా ఇడ్లీకి అడ్డు లేదు. ప్రసంగం సాగే రోజైతే ఇంకో పది నిమిషాలు కలిసొస్తాయి. అందుకే శనివారం సాయంత్రమే వెళ్ళి, "రేపు ప్రసంగం మీదేనా ఫాదర్, బయటి ఫాదర్‌గారు వస్తున్నారా?" అని వినయంగా వాకబు చేస్తాడు. కుర్రాడికి దైవవాక్కు మీద ఇంత ఆసక్తా అని ఫాదర్‌గారు మురిసిపోతారు.

"మా ఇంట్లో పెద్దాళ్ళు అర్ధరాత్రి నుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదురా" అంటుంది నాయనమ్మ. మనవాడి దగ్గర దానికీ చరిత్ర ఉంది. "1957లో పన్నెండో పయస్ పోపుగారు దాన్ని మూడు గంటలు చేశారు. 1964లో ఆరో పౌలు పోపుగారు ఒక్క గంటకు దించారు. నువ్వింకా పాత సిలబస్‌లోనే ఉన్నావు నాయనమ్మా." మంచినీళ్ళూ మందులూ ఆ గంటలో కూడా పుచ్చుకోవచ్చు. నారింజ రుచి ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మందు కిందికే వస్తుందని ఇతని వాదన. ఈ కేసు ఇంకా తేలలేదు.

ఇక తపస్సు కాలం. విభూది బుధవారం నాడూ, శుక్రవారాల్లోనూ మాంసం మానాలి. ఆ కట్టుబాటు పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళకే. ఇతనికి పద్నాలుగు వచ్చింది సరిగ్గా తపస్సు కాలంలో, అదీ శుక్రవారం పూట. పుట్టినరోజు గడిస్తేగాని ఏడు నిండినట్టు కాదని తిరుసభ చట్టమే చెబుతుందంటూ ఆ రాత్రి చికెన్ బిరియానీ తెప్పించాడు. అమ్మ ప్లేటు లాగేసుకుంది. చట్టం నిజంగానే వాడి పక్షాన ఉందని తర్వాత సిస్టరమ్మ ఒప్పుకున్నారు గానీ, అప్పటికి బిరియానీ నాన్న తినేశాడు. ఒంటిపూట ఉపవాసం పద్దెనిమిది నిండాకే గనక, ఆ సంగతి ఇంకా రెండేళ్ళ దాకా ఎత్తొద్దంటాడు.

చేప మాంసం కిందికి రాదు. ఈ వెసులుబాటు తీరప్రాంతం వాళ్ళ చేతిలో పడకుండా ఉండాల్సింది. మనవాడి ఇంట్లో తపస్సు కాలం శుక్రవారాలు కొర్రమీను పులుసుతో, రొయ్యల ఇగురుతో గడుస్తాయి. ఈస్టర్ వచ్చాక మళ్ళీ కోడికూరలో పడతారు చూడండి, అసలు త్యాగం అదేననిపిస్తుంది నాకు.

కాలేజీలో పాస్టర్‌గారబ్బాయి ఒకడున్నాడు. మరియమ్మకు మొక్కమని ఎక్కడుందో చూపించమని వచనాల మీద వచనాలు అప్పజెబుతాడు. మనవాడికి వచనాలు రావు. "మీ బైబిల్లో 66 పుస్తకాలేగా, మాకు 73. మా సిలబస్ ఎక్కువ. అందుకే ఇంకా పూర్తికాలేదు" అని తప్పించుకుంటాడు.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళు. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ మాత స్వరూపాన్ని నిలిపారు. జనం వచ్చి తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మనవాడు మొక్కుకున్నాడు, షరతులతో. ర్యాంకు పదివేల లోపు వస్తే గుండు. ఇరవైవేల లోపైతే మూడు కత్తెర్లు. ఆ పైన ఎంతొచ్చినా కొవ్వొత్తి. కొవ్వొత్తి సైజు మాత్రం ఖాయం చెయ్యలేదు, కౌన్సెలింగ్ అయ్యాక చూద్దామన్నాడు.

వాదనలో ఇతను ఓడిపోవడం ఒక్కసారే విన్నాను. ఫోను కవరు మీద కార్లో అకుటిస్ బొమ్మ ఉంటుంది. 2006లో పదిహేనేళ్ళకే లుకేమియాతో పోయిన ఇటలీ కుర్రాడు, 2025 సెప్టెంబరు 7న పునీతుడయ్యాడు. జీన్సు వేసుకున్న పునీతుడు. అమ్మ ఫోను లాక్కోబోతే, "ఆయనా ప్లేస్టేషన్ ఆడేవాడమ్మా" అన్నాడు. "ఆడేవాడు. వారానికి ఒక్క గంట. పూజకు మాత్రం రోజూ వెళ్ళేవాడు" అందామె. అమ్మ కూడా చట్టం చదువుతోందని ఇతనికి తెలీదు.

మొన్న పాపసంకీర్తనం కథ వాడే చెప్పాడు. విన్నవి బయటపెట్టకూడదన్న కట్టు ఫాదర్‌గారికే గానీ చెప్పుకున్నవాడికి కాదట, అదీ చూసుకున్నాడు. పాపాలన్నీ వరసగా, ఏది పెద్దదో ఏది చిన్నదో విడదీసి, ఎన్నెన్నిసార్లో లెక్కతో సహా అప్పజెప్పాడు. ప్రాయశ్చిత్తం కింద కనీసం యాభైమూడు పూసల జపమాలైనా పడుతుందని సిద్ధమయ్యాడు. ఫాదర్‌గారు అంతా విని, "ఒక్క పరలోక జపం చెప్పు నాయనా. నెమ్మదిగా" అన్నారట.

"నెమ్మదిగా అంటే ఎన్ని నిమిషాలు ఫాదర్?"